రైలుబండిలో ఆకలి, ప్లాటుఫారముపై జరిమానా

సీతాఫలముల కాలమున ఒకనాడు వృత్తిపనిమీద ఒక న్యాయస్థానమునందు కూర్చుండియుంటిమి. మా కక్షిదారుని వంతు రాకమునుపు ఒక వృద్ధస్త్రీని పిలిచిరి. రైలుస్టేషనులో లైసెన్సు లేకుండ పండ్లమ్మినదని ఆమెపై నేరము. ఆమె గంపలోని సరకు 400 రూపాయలకు మించదు. విధింపబడిన జరిమానా 1,000 రూపాయలు. తోడువచ్చిన యొకామెవద్ద అప్పుతీసికొని కట్టి, వెలుపలికి వచ్చి, మా నల్లకోటు చూచి నిలిపి, ఆమె యడిగిన ప్రశ్న యిది: "నేనేం దొంగతనం జేసిన్నా వకీలు సాబ్? ఆకలైనోళ్లకు పండ్లిచ్చి పైసలు దీసుకున్న."

ఇన్నేండ్లుగ న్యాయశాస్త్రము చదివి, వాదించి, ఆ విద్యతోనే పొట్టపోసికొనుచున్న మాకు ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము తోచలేదు. చట్టము ఆమెకు విరుద్ధముగ నుండెను. న్యాయమెవ్వరి పక్షమున నున్నదో నిర్ణయించుటకు మాకు ఇంటికి చేరునంతవరకు పట్టలేదు. రైలుబండిలో ప్రయాణము చేయు పేదవాని యాకలిని గూర్చియు, ఆ యాకలిని తీర్పవచ్చినవారికి మన రాజ్యము చేయుచున్న మర్యాదను గూర్చియు నేడు పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

చట్టమేమి చెప్పుచున్నదో మొదట చూతము. 1989వ సంవత్సరపు రైల్వేచట్టము 144వ సెక్షను ప్రకారము రైల్వేవారి లైసెన్సు లేనిదే పెట్టెలోగాని, రైల్వేకు చెందిన మరియే స్థలమునందుగాని యేవస్తువునైనను అమ్మజూపినవారికి 1 సంవత్సరమువరకు కారాగారమైనను, 2,000 రూపాయలవరకు జరిమానాయైనను, రెండునైనను విధింపవచ్చును. తగిన ప్రత్యేకకారణములను తీర్పులో వ్రాసిననే తప్ప ఆ జరిమానా 1,000 రూపాయలకు తగ్గరాదు. అదే సెక్షను భిక్షాటనమును గూడ నిషేధించుచున్నది. కష్టపడి పండ్లమ్ముకొను స్త్రీయు, చేయిచాచి యడుగుకొనువాడును శాసనకర్తల కంటికి ఒకే వరుసలోనివారుగ కనబడిరన్నమాట!

వీధివర్తకుల జీవనోపాధిని రక్షించుటకని 2014లో మన పార్లమెంటు వేరొక చట్టము చేసెను. పట్టణములలో విక్రయ సమితులు, వర్తకులకు గుర్తింపుపత్రములు, అకారణముగ తొలగింపరాదను నిబంధనలు అందు కలవు. చదివి సంతోషింపబోవునంతలో మొదటి సెక్షను నాలుగవ ఉపసెక్షను అడ్డము వచ్చుచున్నది. రైల్వేవారి భూములకును, ఆవరణములకును, బండ్లకును ఆ చట్టము వర్తింపదట. స్టేషను గేటుకు వెలుపల గంపదించుకొన్న స్త్రీ చట్టముచేత రక్షింపబడు పౌరురాలు. పదియడుగులు లోపలికి వచ్చెనా, నేరస్థురాలు! గంప యదే, పండ్లవే, కొనువారును వారే.

మన సీమకు రైలు నిన్నమొన్న వచ్చినది కాదు. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గము పూర్తికాగా, మదరాసు ఢిల్లీ నగరముల నడుమ మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల మీదుగ నేరుదారి యేర్పడెను. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సు ఆ సంవత్సరముననే పుట్టెను. నాటినుండి ఉత్తర దక్షిణదేశములను గలుపు బండ్లు జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండము దాటి, గోదావరి వంతెన నెక్కి, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు కాగజ్‌నగరముల మీదుగ పరుగిడుచున్నవి. కరీంనగరము, జగిత్యాల పట్టణముల మీదుగ పోవు పెద్దపల్లి–నిజామాబాదు మార్గము 2017లో పూర్తియయ్యెను. ఆదిలాబాదు పట్టణమువారు ముద్‌ఖేడు చుట్టు తిరిగి తిరుపతికి కృష్ణా ఎక్స్‌ప్రెస్సులో పోవుచున్నారు. 2016లో ఈ రెండు జిల్లాలను విభజించి అనేక జిల్లాలు చేసినను, రైలుపట్టాలు మాత్రము అందరి వాకిళ్ల ముందునుండియే పోవుచున్నవి. మన సింగరేణి బొగ్గు ఆ పట్టాలమీద దేశమంతట తిరుగును. మన యాడువారు చేసిన సర్వపిండి, ఉడికించిన గుడాలు, మక్కబుట్టలు, మన యడవిలోని సీతాఫలములు మాత్రము మన ప్లాటుఫారముమీదనే దొంగసరకు వలె దాగి తిరుగవలసియున్నది!

తెలంగాణోద్యమ దినములలో కార్యకర్తలతో గూడి పలుమారులు జనరల్ పెట్టెలలో ఢిల్లీకి పోయివచ్చితిమి. ఇప్పటికిని ఆ యలవాటు పూర్తిగ మానలేదు. ఇటీవల నొక దూరప్రయాణపు బండిలో (దాని పేరుతో పనిలేదు) నాగపురమునుండి దక్షిణమునకు వచ్చుచుంటిమి. ఉత్తరదేశమునుండి మన ప్రాంతమునకు కూలికి వచ్చుచున్న యువకులు పదుగురు తలుపువద్ద నిలుచుండియుండిరి. ఉదయమునుండి వారి కడుపులలో పడినది చాయనీళ్లే. వంటపెట్టె బండి నడుమ నెక్కడనో యున్నది. జనరల్ పెట్టెలు బండికి చివరల నున్నవి. అన్నపు పొట్లములవాడు ఒక స్టేషనులో తలుపువరకు వచ్చి, లోపల కాలుమోపుటకు చోటులేక మరలిపోయెను. నీళ్లసీసాలవాడు కిటికీవద్దకు వచ్చి 20 రూపాయలనెను. సీసాపై ముద్రింపబడిన ధర వేరు. బిల్లడిగితిమి. "కావాలంటే తీసుకోండి, లేకుంటే లేదు" అని ముందుకు సాగెను.

చీకటిపడినపిదప మన సీమలోని యొక స్టేషనులో బండి యాగెను. ఒక స్త్రీ కొంగుచాటున గంప పెట్టుకొని, అటునిటు చూచి, కిటికీ చువ్వల సందున గుడాల పొట్లములందించెను. పొట్లము పది రూపాయలు. ఆ పదుగురును తినిరి. మేమును తింటిమి. బండి కదలకముందే ఆమె నీడలో కలిసిపోయెను. ఆ రాత్రి ఆ యువకుల యాకలి తీర్చినది లైసెన్సుగల వంటపెట్టెయా, లేక 144వ సెక్షను క్రింద నేరస్థురాలైన యా స్త్రీయా? పాఠకులే చెప్పవలెను.

ఈ దుఃస్థితి క్రొత్తది కాదు. 1917లో మహాత్ముడు మూడవతరగతిలో బొంబాయినుండి మదరాసుకు ప్రయాణముచేసి, రాయచూరువద్ద రద్దీ యెట్లు భరింపరానిదయ్యెనో, దారిలో నమ్మిన చాయయు తినుబండారములు నెంత మురికిగ నుండెనో వ్రాసి లోకమునకు తెలిపెను. ఆ తిండి కొన్నవారినడుగగా, బాగులేదని యెరిగియు మరియొక గతి లేక కొనుచున్నామని చెప్పిరట. పరపాలన పోయెను. 1974లో మూడవతరగతి యను పేరును గూడ తీసివేసిరి. పేరు పోయెను గాని పెట్టె పోలేదు. "మరియొక గతి లేక" యను ఆ మాటయు పోలేదు.

ఆ దినములలో స్టేషనులందు హిందువులకొక కుండ, ముసల్మానులకొక కుండ యుండెడివి. దక్షిణదేశపు స్టేషను భోజనశాలలలో బ్రాహ్మణులకు వేరుగ, ఇతరులకు వేరుగ పలకలు కట్టియుండెను. పెరియారుగారును వారి యనుచరులును చేసిన యాందోళనమువలన 1941లో ఆ భేదము తొలగెను. కులమునుబట్టి నీళ్లు పోయుట అవమానమని నాడు గ్రహించిన దేశము, నేడు టిక్కెట్టునుబట్టి అన్నము పెట్టుటను అవమానముగ నెంచకున్నది. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన సికిందరాబాదు–నాగపురము వందే భారత్ బండి కాజీపేట, రామగుండములలో నాగుచున్నది. అందు భోజనము కోరినవారికి కూర్చున్నచోటికే పళ్లెము వచ్చును. మంచిదే, మాకసూయ లేదు. అదే పట్టామీద, అదే దినమున, అదే రామగుండము దాటి పోవు మరియొక బండి చివరిపెట్టెలో పసిబిడ్డకు పాలు కావలసిన తల్లి యెవ్వరినడుగవలెను?

"ఇప్పుడు సెల్‌ఫోనులో కోరినచో హోటలు భోజనమే సీటువద్దకు వచ్చును గదా!" యని కొందరు మిత్రులనుచున్నారు. 2014లో మొదలైన ఆ యేర్పాటును మేమెరుగుదుము. దానికి పీఎన్‌ఆర్ సంఖ్య కావలెను. రిజర్వేషను లేని టిక్కెట్టుకు పీఎన్‌ఆర్ ఉండదు, సీటుసంఖ్య యుండదు. ఎవ్వరికి భోజనము దుర్లభమో వారిని విడిచి, భోజనము సులభమైనవారికి మరింత సులభము చేసిన ఘనత ఈ పద్ధతికి చెందును.

ఇక లైసెన్సుగలవారి సంగతి. 2017 జూలైలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారి నివేదిక పార్లమెంటు ముందుంచబడెను. 74 స్టేషనులను, 80 బండ్లను పరీక్షించి వ్రాసిన నివేదిక యది. మనుష్యులు తినదగని పదార్థములు, కలుషితమైనవి, మిగిలినవాటిని మరల వాడినవి, గడువుదాటిన పొట్లములు, అనుమతిలేని నీళ్లసీసాలు అందు కనబడెను. శుద్ధిచేయని కుళాయినీళ్లతో పానీయములు చేయుచుండిరి. చెత్తబుట్టలకు మూతలు లేవు. బండ్లలో ఎలుకలు, బొద్దింకలు కనబడెను. అమ్మినదానికి బిల్లులు లేవు. గంపవర్తకురాలు శుభ్రత లేనిదని తరుమువారు ఈ నివేదికను రెండుమారులు చదువవలెనని మా మనవి.

ఇట్లేల జరుగుచున్నది? కారణము గూఢమైనది కాదు. అమ్మకపు హక్కును ఎక్కువ పాట పాడినవానికి ఇచ్చుచున్నారు. కాంట్రాక్టరు రైల్వేకు పెద్దమొత్తము చెల్లించును. అమ్మవలసిన ధర పైనుండి నిర్ణయింపబడియుండును. బండిలో శాకాహార భోజనము 80 రూపాయలు, స్టేషనులో 70. పాటలో పోసిన సొమ్ము తిరిగి రావలెనన్న, బియ్యమునందో పప్పునందో తగ్గింపవలెను, లేదా ప్రయాణీకుని జేబునుండి ఎక్కువ లాగవలెను. పెట్టెపెట్టెకు తిరిగి యమ్ము పిల్లవాడు అమ్మకముపై వచ్చు వాటాతో బ్రతుకుచుండును. 2025 సెప్టెంబరు 22నుండి 14 రూపాయలైన రైల్ నీర్ సీసాకు 20 రూపాయలడుగునపుడు వాడు పాపముచేయుచున్నాడనుట నిజమే కాని, ఆ పాపమునకు మూలము వేలంపాటలో నున్నది. తామరాకుపై నీరువలె పైవారు తప్పించుకొందురు. తిట్లు వాని పాలు.

1999లో రైల్వేవారు ఐఆర్‌సీటీసీ యను సంస్థను పెట్టిరి. 2005లో భోజనపు బాధ్యత దానికిచ్చిరి. 2010లో వెనుకకు తీసికొనిరి. 2017లో మరల దానికే యిచ్చిరి. ఈ చేతినుండి ఆ చేతికి మారుచున్న గరిటె యొకటే, కుండలోనిదియు నదియే. బిల్లు ఇయ్యనియెడల సొమ్ము చెల్లింపనక్కరలేదను నియమము గూడ వచ్చెను. మంచి నియమమే. ఆకలితో నకనకలాడువాడు పొట్లము చేతబట్టుకొని బిల్లుకై వాదించునని తలచుట, ఆకలి యెరుగనివారి యూహ.

ప్రభుత్వమువారు చేసిన మంచిని చెప్పకుండుట మా పద్ధతి కాదు. 2023లో జనరల్ పెట్టెలు నిలుచుచోటికెదురుగ ప్లాటుఫారముపై 20 రూపాయల భోజనము, 50 రూపాయల భోజనము, 3 రూపాయలకు 200 మిల్లీలీటర్ల నీళ్లు అమ్ము నేర్పాటు 64 స్టేషనులలో ప్రారంభించిరి. 2024 వేసవికి అది నూరు స్టేషనులు దాటెను. 2022లో "ఒక స్టేషను, ఒక ఉత్పత్తి" యను పథకముతో స్థానికులు చేసిన వస్తువులకు స్టేషనులలో చిన్నయంగళ్లు పెట్టించిరి. ఈ రెండును సరియైన దారిలో వేసిన యడుగులు. కాని దేశమున స్టేషనులు 7,000 పైచిలుకు. నూరు స్టేషనులతో ఆకలి తీరునా? ఒక స్టేషనుకు ఒక యంగడి చాలునా? ఏనుగు దాహమునకు చెంబెడు నీళ్లు!

ఇప్పుడు ప్రతిపక్షపు వాదములను న్యాయముగ పరిశీలింతము. కదులుచున్న బండి యెక్కి దిగుటలో ప్రాణాపాయము కలదందురు. నిజమే. మత్తుమందు కలిపిన తిండిపెట్టి దోచుకొను దుర్మార్గులు కలరందురు. అదియు నిజమే. ఆహారమునకు శుభ్రత కావలెనందురు. ముమ్మాటికి నిజము. ఈ మూడు నిజములనుండి వచ్చు సిద్ధాంతమేమి? అమ్మువారెవ్వరో తెలియవలెను, వారికి పటముతో గుర్తింపుపత్రముండవలెను, వారి వంటను పరీక్షించువారుండవలెను, వారు ప్లాటుఫారముమీదనే నిలిచి యమ్మవలెను. ఇంతే గదా! తరిమివేయవలెనను సిద్ధాంతము ఈ నిజములలో దేనినుండియు రాదు. తరిమినకొలది ఆమె చీకటిలో అమ్మును, కదులు బండి యెక్కును, ఎవ్వరికిని తెలియని మనిషియై పోవును. మీరు భయపడు అపాయమును మీ నిషేధమే పెంచుచున్నది.

మరియొక సంగతి. లైసెన్సు లేని వర్తకము ఎప్పుడును అధికారము గలవాని దయమీద నడచును. ఎవ్వని చేతిలో కర్రయున్నదో వానికి మొదటి పండు ఉచితముగ పోవుట లోకస్వభావము. మన పెద్దలకిది క్రొత్తకాదు. నిజాముగారి కాలమున అధికారులు మకాముకు వచ్చినపుడు పాలు, కోళ్లు, కట్టెలు పల్లెజనులు ఊరకనే సమర్పింపవలసియుండెను. దానినే వెట్టి యనిరి. మన సిరిసిల్లలో 1935లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతన నాల్గవ ఆంధ్రమహాసభ జరిగెను. ఆ మహాసభల యుద్యమము దీర్ఘకాలము పోరాడిన దురాచారములలో వెట్టి ముఖ్యమైనది. హక్కు లేనిచోట వెట్టి పుట్టును. హక్కునిచ్చినచో దానికి చోటుండదు. అందుచేత మేము దయను కోరుటలేదు, లైసెన్సును కోరుచున్నాము.

మా కోరికలు నాలుగు.

మొదటిది: జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగరము, కరీంనగరము, ఆదిలాబాదు స్టేషనులలో స్థానిక మహిళాసంఘములకు స్వల్పరుసుముపై విక్రయపు లైసెన్సులు వేలంపాట లేకుండ నీయవలెను. గుడాలు, సర్వపిండి, జొన్నరొట్టె, మక్కబుట్టలు, ఋతువునుబట్టి పండ్లు వారు కిటికీవద్దకు తెచ్చి యమ్మవలెను. ఆదిలాబాదు సీమలో ఆదివాసి స్త్రీలు చేయు ఇప్పపువ్వు లడ్డూలకు దేశమంతట పేరు వచ్చినది. ఆ లడ్డు ఆదిలాబాదులో బండి యెక్కువానికి దొరకకున్న, ఆ పేరెందులకు?

రెండవది: దూరప్రయాణపు బండ్లాగు ప్రతి స్టేషనులో జనరల్ పెట్టెల కెదురుగ 20 రూపాయల భోజనము, త్రాగదగిన నీళ్ల కుళాయి యుండవలెను. నీళ్లసీసా కొనలేనివాడు దాహముతో పోవు దేశమునకు స్వరాజ్యమను మాట పలుకు నర్హత లేదు.

మూడవది: వీధివర్తకుల చట్టము మొదటి సెక్షనులోని నాలుగవ ఉపసెక్షనును సవరించి, స్టేషనులలోని చిన్నవర్తకులకు గూడ ఆ రక్షణ కల్పింపవలెను. మనము పంపిన పార్లమెంటు సభ్యులు ఆ బండ్లలోనే మన స్టేషనులలో దిగుచున్నారు. వారినడుగుటకు మనకు ఢిల్లీదాక పోనవసరము లేదు.

నాలుగవది: 144వ సెక్షనులోని కనిష్ఠ జరిమానాను తొలగింపవలెను. గంపెడు పండ్లకంటె ఎక్కువ జరిమానా వేయించు చట్టము, శిక్షించుటకు గాక నాశనము చేయుటకు పుట్టినది. అంతవరకు, తగ్గించుటకు తగిన కారణములు వ్రాయవచ్చునని ఆ సెక్షనే యనుమతించుచున్నది గనుక, మా తోటి న్యాయవాదులు ఇట్టి స్త్రీల పక్షమున ఫీజు లేకుండ నిలిచి ఆ కారణములను న్యాయాధిపతుల ముందుంచవలెను. ఈ పని మేము మొదలుపెట్టితిమి. తోడు రావలసినదిగ కోరుచున్నాము.

చదువరులకు గూడ కర్తవ్యము కలదు. బండిలో కొన్నపుడు బిల్లడుగుడు. ఇయ్యకున్న 139కి ఫిర్యాదు చేయుడు. ఆకలిగొన్న తోటివాడు అడుగలేనపుడు, చదువుకొన్న మీరు వానికై యడుగుడు. పఠనమందిరములలో కూర్చుండి ఈ పత్రిక చదువు సోదరులు, ఈ నాలుగు కోరికలపై తీర్మానము వ్రాసి, సంతకములు చేసి, సికిందరాబాదులోని దక్షిణమధ్య రైల్వే కార్యాలయమునకు పంపుడు. ఒక యుత్తరమును చెత్తబుట్టలో వేయవచ్చును. వేయి యుత్తరములకు చెత్తబుట్ట చాలదు.

ఇక ఆ వృద్ధస్త్రీ ప్రశ్నకు మా సమాధానము ఆలస్యముగనైనను చెప్పవలసియున్నది. అమ్మా, నీవు దొంగతనము చేయలేదు. ఆకలిగొన్నవానికి తిండి చేర్చుట ఈ దేశమున ఏనాడును నేరము కాదు. చట్టములో తప్పున్నది. దానిని దిద్దువరకు నీ జరిమానా మా యందరి యప్పు.